అంగన్‌వాడీ టీచరుగా చేరిన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి నీ పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మన ఊరి అంగన్‌వాడీకి టీచరుగా నీవు ఎంపికైనందుకు చాలా సంతోషించాను. ముప్పై ఏళ్లు ఆ పని చేసినదానిని కనుక ఒక్క మాట చెబుతాను: ఊరిని కేంద్రంలోకి రప్పించుకోనిదే, నీవూ ఆయా ఎంత కష్టపడినా పిల్లల ఎదుగుదలలో మార్పు కనిపించదు. 1975లో ఈ అంగన్‌వాడీల పథకం మొదలైనప్పుడే పోషకాహారంతో పాటు టీకాలు, ఆరోగ్య పరీక్షలు, బడికి ముందు చదువు కూడా మన పనులలో చేర్చారు. కానీ గుడ్లు, పాలు, చిన్నపిల్లలకిచ్చే బాలామృతం పిండి లెక్కలు రాసుకోవడంలోనే మనకు పొద్దు గడిచిపోతుంది.

ముందుగా తూకం సంగతి చూడు. నా మొదటి ఏడాదిలో తల్లులు బిడ్డలను తెచ్చేవారు కారు, అందరిలో బరువు చెబితే దిష్టి తగులుతుందని వారి భయం. అది మూఢనమ్మకమని కొట్టిపారేయడం నేను చేసిన తప్పు. తరువాత మన వీధి అవ్వను పక్కన కూర్చోబెట్టుకొని, ఆమె చేత దిష్టి తీయించి, బరువును తల్లికి మాత్రమే మెల్లగా చెప్పి, బిడ్డ ఎదుగుదల చార్టులో బరువు గీత ఎటు పోతున్నదో చూపించడం మొదలుపెట్టాక, వారే పిల్లలను ఎత్తుకొని రాసాగారు.

పత్తి ఏరే రోజుల్లో ఆ గీత చాలామందికి కిందికి దిగేది. తల్లి తెల్లవారకముందే చేనికి పోతే, బడి మానిన ఎనిమిదేళ్ల అక్క చంటిబిడ్డకు ఎంతని తినిపించగలదు? తల్లిని నిందించకు. నేను ఈ మాటను మహిళా సంఘం సమావేశంలో ఎత్తితే, కూలికి పోలేని ఇద్దరు పెద్దవాళ్లు పొద్దుగూకేదాకా కేంద్రం అరుగు మీద కూర్చొని పిల్లలకు జావ తాగించడానికి ఒప్పుకున్నారు. అయితే ఆరు నెలలు దాటిన బిడ్డ జబ్బ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువ ఉన్నా, రెండు పాదాలూ వాచినా, ఇరుగుపొరుగు సాయంతో సరిపెట్టక ఆ రోజే ఊరి ఆరోగ్య కార్యకర్త అయిన ఏఎన్ఎమ్‌కు చెప్పి ఆసుపత్రికి పంపించాలి.

మూడేళ్లకే అక్షరాలు దిద్దించమని తండ్రులు పట్టుబడతారు. వారికి ఓపికగా చెప్పు: ఆకులను చిన్నవీ పెద్దవీగా వేరు చేయడం లెక్కే, మట్టి పిసకడం రేపు బలపం పట్టబోయే వేళ్లకు బలమే. కుమ్మరి ఇంటి పెద్దాయనను పిలిస్తే మట్టి తెచ్చి తానే నేర్పుతాడు. తండా నుంచి వచ్చే పిల్లలు మొదట నోరు విప్పరు. వారి నాయనమ్మను కూర్చోబెట్టి లంబాడీలోనే కథ చెప్పించు, తెలుగు మెల్లగా అదే వస్తుంది. చింతగింజలతో ఆడించేటప్పుడు మాత్రం చంటిపిల్లలకు అందనీయకు.

దిష్టి తీసిన ఆ అవ్వ ఇప్పుడు లేరు. ఆమె కోడలికి ఊరిలో అంతే మన్నన ఉంది, వచ్చే తూకం రోజుకు ముందే వారి ఇంటికి వెళ్లి అడుగు.

ఇట్లు,
నీ పెద్దమ్మ