పాత ల్యాప్‌టాప్, రెండు గ్రాఫిక్స్ కార్డులు, ఒక లినక్స్: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 2011 నాటి ల్యాప్‌టాప్ అండీ నాది. లోపల ఇంటెల్ గ్రాఫిక్స్‌తో పాటు ఎన్విడియా కార్డు కూడా ఉంది. లినక్స్ వేసినప్పటి నుంచి ఏ పనీ చేయకపోయినా ఫ్యాన్ రయ్యిమంటోంది, బ్యాటరీ ఇట్టే అయిపోతోంది. ఎన్విడియాను ఆపేద్దామని, కార్డులను ఆన్, ఆఫ్ చేసే స్విచ్ ఫైల్‌లోకి ‘ఆఫ్’ పంపబోతే పర్మిషన్ లేదంటోంది. సుడో (అడ్మిన్ అధికారంతో నడిపే కమాండ్) పెట్టినా అంతే. నేనెక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: ముందు పర్మిషన్ గొడవ తేల్చేద్దాం, ఎందుకంటే సగం మంది అక్కడే విసుగొచ్చి వదిలేస్తారు. మీరు ‘సుడో ఎకో ఆఫ్’ అని రాసి, బాణం గుర్తు పెట్టి, ఫైల్ పేరు ఇచ్చి ఉంటారు. సుడో ఇచ్చే అధికారం ఎకో (ఇచ్చిన మాటని తిరిగి పలికే కమాండ్) వరకే. బాణం గుర్తు చూసి ఫైల్ తెరిచేది మీ షెల్ (మీ కమాండ్లు చదివి నడిపే ప్రోగ్రామ్), అదేమో మామూలు యూజర్‌గానే నడుస్తోంది, అందుకని తలుపు తీయరు. బాణం తీసేసి పైప్ గుర్తు (|) పెట్టి ‘సుడో టీ’కి పంపండి, వెళ్తుంది. టీ అంటే అందుకున్న మాటని ఫైల్‌లో రాసే కమాండ్. ‘ఆఫ్’ అన్నది పెద్దక్షరాల్లో ఉండాలి.

కానీ పంపే ముందు ఆ ఫైల్‌ని ఒకసారి చదవండి. సిస్ ఫోల్డర్‌లో కెర్నల్, అందులో డీబగ్, అందులో వీజీఏస్విచరూ, దాంట్లో స్విచ్ అనే ఫైల్. రూట్‌గా (పూర్తి అధికారమున్న యూజర్‌గా) ‘క్యాట్’ అనే ఫైల్ చదివే కమాండ్ కొడితే కార్డుకో లైన్ వస్తుంది. ఐజీడీ అంటే ఇంటెల్‌ది, డిఐఎస్ అంటే విడి కార్డు. ప్లస్ గుర్తు ఎవరి పక్కనుంటే ఇప్పుడు స్క్రీన్ వాళ్ల చేతిలో ఉన్నట్టు. అసలు విషయం ఆ తర్వాతి మాటలో ఉంటుంది. ఉత్త ‘పవర్’ అని ఉంటే ఆ కార్డు మీరు చెప్పేదాకా వెలుగుతూనే ఉంటుంది, పైన గిన్నె లేకుండా మండే పొయ్యిలాగా. ‘డైన్’ అని మొదలైతే మాత్రం కెర్నల్ (లినక్స్‌కి గుండెకాయ లాంటి భాగం) దాన్ని తనే చూసుకుంటోందని అర్థం. ఈ సదుపాయం 2013 నవంబర్‌లో వచ్చిన 3.12 కెర్నల్ నుంచి ఉంది, అప్పుడు మీరు ‘ఆఫ్’ అని ఎన్నిసార్లు రాసినా కెర్నల్ చెవిన పెట్టదు. ‘డైన్‌ఆఫ్’ కనిపిస్తే కార్డు ఎప్పుడో నిద్రపోయింది, మీ ఫ్యాన్ గోలకి వేరే కారణం ఉంది. అన్నేళ్ల మెషిన్ కదా, దుమ్ము దులిపి థర్మల్ పేస్ట్ మార్చి చూడండి.

‘డైన్‌పవర్’ దగ్గరే ఆగిపోయి ఎంతకీ దిగకపోతే ఎవరో దాన్ని పట్టుకుని ఉన్నారన్నమాట. ఎక్కువసార్లు ఆ దొంగ హెచ్‌డీఎంఐ సౌండ్ పరికరమే, అది అదే కార్డు మీద రెండో పరికరంగా కూర్చుని ఉంటుంది. దాని పవర్ కంట్రోల్ ‘ఆన్’లో ఉంటే ‘ఆటో’కి మార్చండి. ఇంకోటి, కార్డు నిద్రపోయిందో లేదో చూద్దామని మాటిమాటికీ ఎల్‌ఎస్‌పీసీఐ (లోపలి పరికరాల జాబితా చూపే కమాండ్) కొడతారు చూడండి, అది కార్డుని తట్టిలేపుతుంది! లేపి, లేచే ఉందేంటని టెన్షన్ పడటం. దాని బదులు సిస్ ఫోల్డర్‌లో ఆ కార్డు కింద రన్‌టైమ్ స్టేటస్ అనే ఫైల్ చదవండి, ‘సస్పెండెడ్’ అని ఉంటే చాలు.

ఐజీడీ నుంచి డిఐఎస్‌కి మారుద్దామని మాత్రం ప్రయోగాలు చేయకండి. 2010లో వచ్చిన ఆప్టిమస్ పద్ధతిలో చాలా ల్యాప్‌టాప్‌లలో ఎన్విడియా నుంచి స్క్రీన్‌కి తీగే ఉండదు. అది బొమ్మ గీసి ఇంటెల్‌కి అందిస్తుంది, స్క్రీన్‌కి పంపేది ఇంటెలే. మధ్యలో మక్స్ చిప్ (స్క్రీన్‌ని ఒక కార్డు నుంచి ఇంకో కార్డుకి కలిపేది) ఉన్న మెషిన్లలోనే నిజంగా ఇటు నుంచి అటు మారడం ఉంటుంది. మీదాంట్లో చేయగలిగింది రెండో కార్డుని లేపడం, పడుకోబెట్టడం, అంతే.

ప్రశ్న: నాది ఎన్విడియా 600 సిరీస్. కంపెనీ డ్రైవర్ వేసి, కావలసిన గేమ్‌ని మాత్రమే ఆ కార్డు మీద నడిపే ప్రైమ్ ఆఫ్‌లోడ్ పెట్టుకుందామనుకుంటున్నాను. లేక అదే పని చేసే పాత ప్రోగ్రామ్ బంబుల్‌బీయే నయమా?

జవాబు: కార్డు పేరు చూసి నమ్మకండి. ల్యాప్‌టాప్‌ల విషయంలో 600 అని స్టిక్కర్ వేసి లోపల పాత తరం ఫెర్మి చిప్ పెట్టిన మోడళ్లు ఉన్నాయి. ఎల్‌ఎస్‌పీసీఐలో వచ్చే కోడ్ చూడండి, ‘జీఎఫ్’తో మొదలైతే ఫెర్మి, ‘జీకే’తో మొదలైతే దాని తర్వాతి తరం కెప్లర్.

ఫెర్మి అయితే మీ కథ 390 డ్రైవర్ దగ్గర ఆగిపోయింది. ఆఫ్‌లోడ్ వచ్చింది 2019లో, 435 డ్రైవర్‌తో. మీకు అందదు. పైగా 390కి కంపెనీ సపోర్ట్ 2022తో అయిపోయింది, కొత్త కెర్నల్ వచ్చిన ప్రతిసారీ అది కంపైల్ కాక మొండికేస్తుంది. అలాంటివాళ్లు నువో అనే ఓపెన్‌సోర్స్ డ్రైవర్‌తో సరిపెట్టుకోవడం మంచిది. గేమ్ పేరు ముందు డీఆర్‌ఐ ప్రైమ్ వేరియబుల్‌కి 1 ఇచ్చి నడిపితే ఆ గేమ్ ఒక్కటీ రెండో కార్డు మీదికి వెళ్తుంది. అయితే ఫెర్మిలో నువో కార్డు వేగాన్ని పెంచలేదు, బూట్ అయినప్పటి వేగంతోనే నడుస్తుంది, కాబట్టి ఇంటెల్ కన్నా నెమ్మదిగా ఉన్నా ఆశ్చర్యం లేదు. రెంటి మీదా అదే గేమ్ ఆడి చూసి, తేడా లేకపోతే ఆ కార్డు సంగతే మర్చిపోండి, బ్యాటరీ అయినా మిగులుతుంది.

కెప్లర్ అయితే 470 డ్రైవర్‌లో ఆఫ్‌లోడ్ పనిచేస్తుంది. కానీ ఖాళీగా ఉన్నప్పుడు కార్డుని పూర్తిగా ఆర్పేసే సౌకర్యం ఇంకా కొత్త తరమైన ట్యూరింగ్ నుంచి పైవాటికే ఇచ్చారు. మీది రోజంతా కరెంట్ తాగుతూనే ఉంటుంది. ఉబుంటు వాళ్లకి ఏ కార్డు వాడాలో ఎంచుకునే ప్రైమ్ సెలెక్ట్ కమాండ్ ఉంది కదా, బ్యాటరీ మీద ఉన్నన్నాళ్లు ‘ఇంటెల్’, గేమ్ ఆడే రోజు ‘ఎన్విడియా’ అని మార్చుకుని రీబూట్ చేయండి. మోటు పద్ధతే గానీ మాట తప్పదు. బంబుల్‌బీ 2011లో దేవుడిలా ఆదుకున్న మాట నిజమే, 2013 తర్వాత దానికి విడుదలే లేదు, కొత్తగా దాన్ని తగిలించుకోకండి.

ప్రశ్న: ఏఎండీ కార్డు నాది. వీజీఏస్విచరూ ఫోల్డరే లేదు. యూట్యూబ్ వీడియో పెడితే ప్రాసెసర్ వంద శాతానికి వెళ్తోంది.

జవాబు: టెర్మినల్‌లో జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో కొట్టి రెండరర్ అన్న లైన్ చూడండి. అక్కడ ‘ఎల్ఎల్‌వీఎంపైప్’ అని ఉంటే మీ రెండు కార్డులూ పనిచేయట్లేదు, బొమ్మలన్నీ ప్రాసెసరే గీస్తోంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు స్క్రీన్ నల్లగా వచ్చి, ఎవరో చెబితే ‘నోమోడ్‌సెట్’ అనే బూట్ ఆప్షన్ పెట్టారా? అది ఇప్పటికీ గ్రబ్ (లినక్స్‌ని బూట్ చేసే ప్రోగ్రామ్) ఫైల్‌లో కూర్చుని ఉంటుంది. అది ఉన్నంతకాలం రేడియన్ (ఏఎండీ కార్డుది) గానీ ఇంటెల్ గానీ డ్రైవర్ లేవదు, డ్రైవర్లు లేవకపోతే స్విచ్ ఫోల్డర్ ఎక్కణ్ణుంచి వస్తుంది? తీసేసి, గ్రబ్ అప్‌డేట్ చేసి రీబూట్ చేయండి. మళ్లీ స్క్రీన్ నల్లబడితే అదే గ్రబ్ ఫైల్‌లో ‘రేడియన్ డాట్ రన్‌పీఎం ఈక్వల్‌టు 0’ పెట్టి చూడండి, అది కార్డుని పడుకోనివ్వదు. నోమోడ్‌సెట్‌కి మాత్రం తిరిగి వెళ్లకండి.

ప్రశ్న: రెండో కార్డు ఆపేశాక హెచ్‌డీఎంఐ రావట్లేదు.

జవాబు: రాదు. మీ మోడల్‌లో ఆ పోర్ట్ తీగ రెండో కార్డుకి కలిపారు. సిస్‌లో క్లాస్, డీఆర్‌ఎం ఫోల్డర్ చూస్తే హెచ్‌డీఎంఐ ఏ కార్డు పేరు కింద ఉందో తెలుస్తుంది. ప్రొజెక్టర్ తగిలించే రోజు కార్డు ఆన్‌లో ఉంచుకోండి.

ప్రశ్న: బూట్ బాగానే అవుతుంది, కాసేపటికి ఎల్‌ఎస్‌పీసీఐ కొట్టినా, షట్‌డౌన్ చేసినా మొత్తం బిగుసుకుపోతుంది.

జవాబు: పడుకున్న కార్డుని లేపబోతే లేవట్లేదు. బయోస్‌లో పరికరాల పవర్ చూసుకునే ఏసీపీఐ కోడ్ లినక్స్‌తో సరిగ్గా మాట్లాడకపోవడం వల్ల వచ్చే తంటా ఇది. ముందు ‘నువో డాట్ రన్‌పీఎం ఈక్వల్‌టు 0’ పెట్టండి, బిగుసుకోవడం ఆగితే కారణం దొరికినట్టే. కానీ కార్డు ఎప్పుడూ వెలుగుతుంది కాబట్టి దానితో ఆగకండి, అది తీసేసి, ఏసీపీఐ ఓఎస్ఐ అనే బూట్ ఆప్షన్‌తో మన సిస్టమ్‌ని ‘విండోస్ 2009’ (అంటే విండోస్ 7) అని పరిచయం చేస్తే చాలా మెషిన్లు బుద్ధిగా మాట వింటాయి. ఇదేదీ కుదరకపోతే బయోస్‌లోకి వెళ్లి చూడండి. ఎన్విడియా ఉన్న థింక్‌ప్యాడ్ టీ420 లాంటి వాటిలో ఇంటిగ్రేటెడ్ ఒక్కటే వాడమని అక్కడే చెప్పొచ్చు, అలా చెబితే లినక్స్‌కి రెండో కార్డు కనిపించనే కనిపించదు.