హెచ్‌ఆర్‌ఎం మొదటి పేపర్‌లో ఏముంటుంది, ఎలా చదవాలి?

యూనివర్సిటీలో హ్యూమన్ రిసోర్స్ మేనేజ్‌మెంట్ (హెచ్‌ఆర్‌ఎం, అంటే సంస్థలో ఉద్యోగుల నిర్వహణ) అంటే ఇంటర్వ్యూలు చేయడం నేర్పుతారనుకుంటారు చాలామంది. అది అందులో ఒక అధ్యాయమే.

అసలు పునాది జాబ్ అనాలిసిస్. ఒక ఉద్యోగంలో రోజూ చేయాల్సిన పనులేమిటి, వాటికి ఏ నైపుణ్యం కావాలి, ఎవరికి జవాబు చెప్పాలి అన్నది తేలకపోతే తర్వాతవేవీ నిలబడవు. ప్రకటనలో ఏం రాయాలో, శిక్షణ దేంట్లో ఇవ్వాలో, జీతం ఎంతుండాలో, పనితీరును దేనితో కొలవాలో అన్నీ అక్కడి నుంచే వస్తాయి. దయచేసి దీన్ని బట్టీ పట్టకండి. తెలిసిన ఉద్యోగం ఒకటి తీసుకుని, ఆ పని చేసేవాళ్లను అడిగి, జాబ్ డిస్క్రిప్షన్ (ఆ ఉద్యోగ వివరణ) మీరే రాయండి.

ఎంపిక గురించి ఒక్క మాట: అభ్యర్థులందరినీ ఒకే ప్రశ్నలడిగి, ఒకే కొలమానంతో మార్కులు వేసే ఇంటర్వ్యూ, పిచ్చాపాటీగా సాగేదానికన్నా నమ్మదగినదని పరిశోధనలు చెబుతున్నాయి.

ఈ సబ్జెక్టు చరిత్రలో 1924లో అమెరికాలోని హాథార్న్ ఫ్యాక్టరీలో మొదలైన ప్రయోగాలు వస్తాయి. వెలుతురు పెంచితే ఉత్పత్తి పెరుగుతుందా అని మొదలై, తోటివారితో సంబంధాలు పనిపై చూపే ప్రభావం దాకా వెళ్లాయి. వాటి పద్ధతిపై గట్టి విమర్శలున్నాయి, అవీ చదవండి.

కార్మిక చట్టాలు ఏ దేశానివి ఆ దేశానివే కాబట్టి మీ సిలబస్‌నే అనుసరించండి.