ముందు నీ కంచం నువ్వు ఎత్తు

చిరంజీవి నానీకి,
గుంటూరు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

మొన్న పటమటలో మీ ఇంటికి వచ్చినప్పుడే చెబుదామనుకున్నాను. అందరి ముందు బాగుండదని ఊరుకున్నాను. ఆ రాత్రి భోజనాలయ్యాక చిన్నోడు కంచంలోనే చెయ్యి కడిగేసి టీవీ దగ్గరికి పరిగెత్తాడు. పాప తన కంచంతో పాటు వాడిదీ, నీదీ ఎత్తి, కింద పడ్డ మెతుకులు తడిగుడ్డతో తుడిచింది. దానికి తొమ్మిదేళ్లు. "మా పాప ఎంత బుద్ధిమంతురాలో" అని నువ్వు మురిసిపోయావు. నాకు మాత్రం మనసు చివుక్కుమంది.

అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చి వండి, అందరి తర్వాత కూర్చుంది. అప్పటికి కూర అయిపోతే పచ్చడి కలుపుకుంది. పిల్లలిద్దరూ చూస్తూనే ఉన్నారు నానీ. వాళ్లకి పాఠం అదే.

మీ అమ్మ సంగతి నీకు తెలియదు. 1986లో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన చట్టంతో మన రాష్ట్రంలో ఆడపిల్లలకీ ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. దేశమంతటికీ వచ్చింది 2005లోనే. నాకు అప్పటికే పెళ్లయిపోయింది కాబట్టి ఆ 86 చట్టం వర్తించలేదు. మీ అమ్మకి వర్తించింది. అయినా మామయ్యలు కాగితం పెట్టగానే చదవకుండా సంతకం చేసేసింది. "ఆడపిల్ల అంటే ఆడ పిల్లే, ఈడ పిల్ల కాదు" అని నాయనమ్మ రోజూ అంటుంటే విని పెరిగాం. వాటా అడగడమే తప్పనిపించింది దానికి. ఎవరూ బలవంతపెట్టలేదు. ఇన్నేళ్లయినా నా బాధ అదే.

మన గుంటూరులోనే ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో ఆడపిల్లల చదువు కోసం శారదా నికేతనం పెట్టారు. వందేళ్లు దాటింది. పాపని డాక్టర్ చదివిస్తానంటున్నావు, సంతోషం. రేపు డ్యూటీ చేసొచ్చి కూడా అందరి కంచాలూ అదే ఎత్తాలా?

రేపటి నుంచి నీ కంచం నువ్వు ఎత్తు. చిన్నోడికి ఏమీ చెప్పకు, ఓ వారం ఊరికే చూడనివ్వు. తర్వాత తడిగుడ్డ వాడి చేతికివ్వు. పాప లేవబోతే "కూర్చో తల్లీ" అను. ఇదే కష్టం, ఆ పని చేస్తే మెచ్చుకుంటారని దానికి అలవాటైపోయింది. లెక్క సరిగ్గా చేసినప్పుడు మెచ్చుకో, ఇష్టం లేనిదానికి "వద్దు" అన్నప్పుడు మెచ్చుకో. "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అనే మాట ఇంట్లో ఇంక వినపడకూడదు.

"మగపిల్లాడి చేత ఎంగిలి కంచాలు ఎత్తిస్తావా" అని మీ అమ్మ అంటుంది. కసురుకోకు. అది పెరిగిన ఇంట్లోనే నేనూ పెరిగాను.

సంక్రాంతికి వస్తాను. అరిసెల పాకం పట్టడం చిన్నోడికి నేర్పిస్తాను, నువ్వూ వచ్చి పక్కన కూర్చో.

మీ పెద్దమ్మ