మిరపలో కింది ముడత: తామర పురుగు కాదు, తెల్లనల్లి

ప్రశ్న: మిరప నాటి 70 రోజులైంది. చిగురాకులు ముడుచుకుపోతున్నాయి, ఆకు అడుగున సన్నటి పురుగులు పాకుతున్నాయి. దుకాణంలో తామర పురుగు అని చెప్పగా ఇరవై రోజుల్లో ఇమిడాక్లోప్రిడ్, ఫిప్రోనిల్, లామ్డా సైహలోత్రిన్ మార్చి మార్చి నాలుగుసార్లు చల్లాను. తగ్గలేదు. ఫొటోలు పంపుతున్నాను.
– ఒక రైతు, పల్నాడు జిల్లా

జవాబు: దుకాణంలో చెప్పిన అంచనా తప్పు. ఫొటోల్లో ఆకుల అంచులు తిరగేసిన పడవలా కిందికి ముడుచుకున్నాయి, లేత ఆకుల కాడలు సాగాయి. ఇది తెల్లనల్లి లక్షణం. తామర పురుగు ఆశిస్తే అంచులు పైకి దోనెలా లేస్తాయి. మీ కంటికి కనబడినవి కొన్ని తామర పురుగులే కావచ్చు గానీ, ఈ ముడత వాటిది కాదు.

పదిరెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో లేత ఆకు అడుగుభాగాన్ని చూడండి. సుమారు ఒక మిల్లీమీటరు పొడవుతో, దారపు ముక్కలా సన్నగా ఉండి చురుగ్గా కదిలేది తామర పురుగు. అందులో ఐదో వంతు కూడా లేక, కోడిగుడ్డు ఆకారంలో నిగనిగలాడేది తెల్లనల్లి. నల్లి సాలీడు వర్గానికి చెందినది, దానికి ఎనిమిది కాళ్లుంటాయి. అయితే గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లకు ఆరే ఉంటాయి కనుక, కాళ్లు లెక్కపెట్టడం కన్నా ఆకారం చూడటమే మేలు. పురుగేదీ లేకుండా ఈనెలు మందమై ఆకు పైకి ముడిస్తే అది వైరస్ తెగులు, అలాంటి మొక్కలను పీకి కాల్చాలి.

మీరు చల్లిన మూడు మందులూ నల్లిని సరిగా అదుపు చేయవు. పైగా లామ్డా సైహలోత్రిన్ వంటివి నల్లిని తినే మిత్రజీవులను చంపుతాయి కనుక దాని ఉద్ధృతి పెరుగుతుంది. అమ్మిన దుకాణదారు మీ తోటలోని ఒక్క ఆకునైనా తిప్పి చూశాడా? నాలుగు పిచికారీల ఖర్చులో భూతద్దం ధర ఎంత?

ఇప్పుడు స్పైరోమెసిఫెన్ 22.9 శాతం ద్రావణాన్ని లీటరు నీటికి 1 మి.లీ. చొప్పున కలిపి, ఆకు అడుగుభాగం బాగా తడిసేలా సాయంత్రం చల్లండి. ఈ మందు గుడ్లపైనా పిల్లలపైనా ఎక్కువగా పనిచేస్తుంది. పెద్ద నల్లులు వెంటనే చావలేదని రెండో రోజే మరో మందు కొట్టవద్దు. పది రోజుల తరువాత మళ్లీ భూతద్దంతో చూసి, కొత్త చిగురులో నల్లి ఉంటేనే నీటిలో కలిసే గంధకం పొడిని లీటరుకు 3 గ్రాముల చొప్పున, ఎండ తగ్గాక చల్లండి. గంధకానికి రెండు వారాల ముందు గానీ, తరువాత గానీ వేపనూనె వాడవద్దు, ఆకులు మాడిపోతాయి. ముడుచుకున్న పాత ఆకులు విచ్చుకోవు, కొత్త చిగురు సాఫీగా వస్తే మందు పనిచేసినట్లే.