రాయగడ వైపు ఊళ్లు తిరిగే ఉద్యోగం. గుణుపురం, పర్లాకిమిడి దాకా బైకు మీద వెళ్తాను. జేబులో మల్టీటూల్ (కత్తి లాంటి పనిముట్లు కొన్ని ఒకదాన్లోనే మడతపెట్టి ఉండే పరికరం) అవసరమా?

అవసరమే, కానీ ముందు కొనాల్సింది టార్చిలైటు. అంత దూరం బైకు మీద వెళ్తానన్నారు కదా, చీకటిపడ్డాక బండి ఆగితే సెల్‌ఫోన్ వెలుతురును నమ్ముకోవద్దు. ఫోన్ చేయాల్సిన సమయానికి ఛార్జింగ్ అయిపోతే అదో టెన్షన్. మామూలు పెన్సిల్ సెల్లుతో వెలిగేది తీసుకోండి. ఆ సెల్లు చిన్న ఊరి కిరాణా కొట్లో కూడా దొరుకుతుంది.

తర్వాత చిన్న మడతకత్తి. 58 మిల్లీమీటర్ల క్లాసిక్ రకం స్విస్ కత్తిలో బ్లేడు, కత్తెర, గోళ్ల ఆకురాయి, ముల్లు తీసే పట్టకారు ఉంటాయి. నా లెక్కలో బ్లేడు కన్నా కత్తెర, పట్టకారే ఎక్కువ పనికొస్తాయి. తుమ్మముల్లు దిగిన రోజున ఆ పట్టకారు విలువ తెలుస్తుంది. ఈ కత్తులకు లాక్ ఉండదు. మొనతో గట్టిగా పొడిస్తే బ్లేడు మడతపడి వేళ్లు తెగుతాయి, జాగ్రత్త.

ప్లయర్ ఉన్న మల్టీటూల్ బరువు ఎక్కువ కాబట్టి జేబులో కాకుండా బైకు డిక్కీలో ఉంచండి. వదులైన నట్టు బిగించడానికి చాలు. దాని పిడి కూడా లోహమే, కరెంటు తీగను దాంతో అస్సలు ముట్టుకోవద్దు.

వానాకాలంలో కత్తి, మల్టీటూల్ మడత కీళ్లకు ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కొబ్బరినూనె జిగురుకడుతుంది. విశాఖలో విమానం ఎక్కాల్సివస్తే కత్తిని చేతిసంచిలో కాక, చెక్-ఇన్ సామానులో వేయండి.