బావ ఫ్యాక్టరీలో పంచాయితీలు

ప్రశ్న: మాది ఒంగోలు. చీమకుర్తిలో మా బావ గ్రానైట్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ని. గెలాక్సీ రకం నల్ల గ్రానైట్ స్లాబ్ మూల విరిగితే డబ్బులు ఎవరి జీతంలో కోయాలని కటింగోళ్ళకీ పాలిషోళ్ళకీ ఎప్పుడూ గొడవే. కూర్చోబెడితే నా ముందు సరే అంటారు, తెల్లారితే మళ్ళీ మొదలు. ఏం జరిగిందో రాత్రి అక్కా వాళ్ళింట్లో అన్నం తినేటప్పుడు బావకి చెప్తాను. మీడియేషన్ నేర్పే ఆన్‌లైన్ కోర్సు ఏదన్నా చెప్పండి.

జవాబు: కోర్సు నీకేం అక్కర్లేదు నాయనా. నీ ముందు చెప్పుకున్న మాట రాత్రికల్లా ఓనర్ కంచం దగ్గరికి చేరుతుంటే ఇంక నీకు నిజం ఎవరు చెప్తారు? వాళ్ళకి తెలీదనుకుంటున్నావేమో, అందరికీ తెలుసు, అందుకే సరే అని లేచిపోతున్నారు.

గొడవ నీకూ మీ బావకీ మధ్య ఉంది. ఇంటల్లుడు, పైగా జీతమిచ్చే మనిషి, ఎదురు చెప్తే అక్క దగ్గర మాటొస్తుందని నీ భయం. నాకర్థమైంది, కానీ అక్క కాపురం పేరు చెప్పి కూలోళ్ళ మాటలు మోసుకెళ్ళడం మర్యాద కాదయ్యా, అది నీకే చిన్నతనం. ముందు అక్కకి చెప్పు, తర్వాత బావకి, ఇంట్లో కాదు ఆఫీసు రూములో, "నా దగ్గర చెప్పుకున్నది నా దగ్గరే ఉంటది, తేలిన విషయం మాత్రం కాయితం మీద ఇస్తా" అని. ఒక వారం ముఖం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ.

అప్పుడు కూర్చోబెట్టు. మొదట విడివిడిగా విను, ఫోన్ పక్కన పడేసి. తర్వాత ఇద్దర్నీ స్లాబ్ దగ్గరికే తీసుకెళ్ళు, విరిగిన అంచు ఎట్లుందో, రంపం దగ్గర పోయిందా, పాలిష్ మిషన్ ఎక్కించేటప్పుడు తగిలిందా వాళ్ళ చేతే చూపించు, ఎదుటివాడు ఏమన్నాడో ఇవతలోడి నోటితో చెప్పించు, సగం కోపం అక్కడే దిగుద్ది. అసలు సరుకు పాడైందని జీతం కోయాలంటే అది ఆ మనిషి అజాగ్రత్త వల్లే అని తేలాలి, ముందు అతని మాట వినాలి, వేతనాల చట్టంలో ఎప్పట్నుంచో ఉన్న సంగతే ఇది. బావకి ఇది గట్టిగా చెప్పాల్సింది నువ్వే. 20 మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే చోట ఫిర్యాదుల కమిటీ పెట్టాలి, అందులో యాజమాన్యం వైపు ఎంతమందో పనోళ్ళ వైపు అంతమంది ఉండాలి, అది కూడా చట్టమే. ఆ కమిటీ పెట్టించు.

బావ కుదరదంటే నువ్వు సూపర్‌వైజర్ పని వరకు చూసుకో, పంచాయితీలు చుట్టరికం లేని మనిషికి అప్పజెప్పమని చెప్పు.