మందు ఆర్డర్ చేసి మోసపోయాను, ఫిర్యాదు చేస్తే కేసు నా మీదకే వస్తుందా?

ప్రశ్న: మాది ఒంగోలు. చెన్నై పెరుంగుడిలో ఉద్యోగం. శనివారం రాత్రి రూముకి స్నేహితులు వచ్చారు. గూగుల్‌లో దొరికిన ‘లిక్కర్ హోమ్ డెలివరీ’ నంబర్‌కి వాట్సాప్ చేసి 1,850 రూపాయలు కట్టాను. తర్వాత డెలివరీ కన్ఫర్మ్ చేయాలంటూ క్యూఆర్ కోడ్ పంపారు. స్కాన్ చేసి పిన్ కొడితే 18,500 పోయాయి. చెన్నైలో మందు ఇంటికి తెప్పించుకోవడం నేరమా? పోలీసుల దగ్గరికి వెళ్తే నన్నే పట్టుకుంటారా?

జవాబు: ముందు 1930కి ఫోన్ చేయండి. ఇది సైబర్ మోసాల హెల్ప్‌లైన్. డబ్బు ఇంకా మోసగాడి ఖాతాలోనే ఉంటే అక్కడే ఆపించే వీలుంది. వాడు డ్రా చేసేస్తే కష్టం, అందుకే ప్రతి గంటా విలువైనదే. మీ ఉత్తరం చూడగానే నేను మీకు ఫోన్ చేసింది కూడా ఇందుకే. బ్యాంకుకీ రాతపూర్వకంగా తెలియజేయండి. అయితే పిన్ మీరే కొట్టారు కాబట్టి, నష్టం మాది కాదని బ్యాంకు అనవచ్చు. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు, పోవడానికే కావాలి. ఈ ఒక్క మాట మీ స్నేహితులకూ చెప్పండి.

ఇక చట్టం. రాజ్యాంగంలో మద్యం రాష్ట్రాల జాబితాలో ఉంది, అందుకే ఒక్కో రాష్ట్రానిది ఒక్కో రూలు. పశ్చిమ బెంగాల్, ఒడిశా ఇంటికి డెలివరీని అనుమతించాయి. తమిళనాడులో 2003 నుంచి చిల్లర అమ్మకం మొత్తం ప్రభుత్వ సంస్థ టాస్మాక్ చేతిలోనే ఉంది. స్టార్ హోటళ్లు, క్లబ్బుల లైసెన్సు అక్కడ కూర్చుని తాగేవాళ్ల కోసమే. 2020 మే 8న మద్రాసు హైకోర్టు లాక్‌డౌన్ ముగిసేదాకా షాపులు మూసి, ఆన్‌లైన్‌లోనే అమ్ముకోవచ్చని చెప్పింది. వారం తిరిగేసరికి, మే 15న, సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. షాపులు తెరిచారు, డెలివరీ మాట అక్కడితో ఆగింది. కాబట్టి చెన్నైలో ‘ఇంటికి తెచ్చిస్తాం’ అనే ప్రైవేటు నంబర్ ఏదైనా, వాడు మోసగాడైనా అయి ఉండాలి, లైసెన్సు లేకుండా అమ్మేవాడైనా అయి ఉండాలి. నిజంగానే సీసా వచ్చి ఉంటే తెచ్చినవాడి మీద 1937 నాటి తమిళనాడు మద్య నిషేధ చట్టం కింద కేసు అవుతుంది, కొన్నవాళ్లకీ చిక్కే.

మీ విషయంలో సీసా రాలేదు. మీ దగ్గర ఏదీ దొరకలేదు. మీరు మోసపోయిన మనిషి. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318, ఐటీ చట్టం సెక్షన్ 66-డి వర్తించేది అవతలివాడికి. ఆర్డర్ చేసింది మందు అయినంత మాత్రాన వాడు చేసిన మోసం మాఫీ కాదు. పరువు పోతుందని బాధితులు నోరు మెదపరని వాళ్లకి బాగా తెలుసు, వాళ్ల ధైర్యమంతా అదే. ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ ఇవ్వవచ్చు, ఇది మా పరిధి కాదని తిప్పి పంపడానికి లేదు.

వాట్సాప్ చాట్, వాడు పంపిన షాపు ఫోటో, రెండు చెల్లింపుల యూటీఆర్ నంబర్లు (ప్రతి చెల్లింపుకీ ఉండే గుర్తింపు సంఖ్యలు) జాగ్రత్తగా ఉంచండి. చాట్ డిలీట్ చేయకండి. సిగ్గుపడి ఫిర్యాదులో ‘సరుకులు ఆర్డర్ చేశాను’ అని రాయకండి. చాట్‌లో బ్రాండు పేరు, ఎన్ని సీసాలన్నదీ ఉన్నప్పుడు, రేపు కోర్టులో అవతలి లాయరు పట్టుకునేది ఆ ఒక్క అబద్ధాన్నే.